ప్రయాణ సందేహాలు: కుటుంబంతో జపాన్ వెళ్ళేవారికి

విదేశయానం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి జపాన్‌కు సంబంధించినవే ఎక్కువగా ఉన్నందున, వాటిలో కొన్నింటిని ఎంచుకుని ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాము. ఛార్జీలు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు చెల్లించే ముందు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: అయ్యా, మేము ఆరుగురం. నేను, నా భార్య, పదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, డెబ్బై దాటిన మా అమ్మానాన్నలు. వచ్చే వేసవి సెలవుల్లో పన్నెండు రోజుల పాటు జపాన్ చూసి రావాలని నిశ్చయించుకున్నాము. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్రణాళికలో టోక్యో, హకొనె, తకయామ, కనజవ, క్యోటో, హిరోషిమా, ఒసాకా ఉన్నాయి. పెద్దవాళ్ళతో ఇన్ని ఊళ్ళు తిరగగలమా? ఏ తేదీల్లో వెళితే మంచిది?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా తేదీల సంగతి చూద్దాం. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులుంటాయి. అయితే ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు జపాన్‌లో వరుసగా ప్రభుత్వ సెలవులు వస్తాయి. గోల్డెన్ వీక్ అని పిలిచే ఆ వారంలో దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది. హోటళ్ళ ధరలు పెరుగుతాయి, రైళ్ళలో సీట్లు దొరకవు. జూన్ మొదటి వారం దాటితే టోక్యో, క్యోటో ప్రాంతాల్లో వానకాలం మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య, అంటే ఇంచుమించు మే 8 నుంచి జూన్ 5 వరకు, ఉక్కపోత లేని, వాన తక్కువగా ఉండే, రద్దీ కొంత తగ్గిన రోజులు మీకు దొరుకుతాయి. చెర్రీ పూలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి కాబట్టి అవి కనబడవు. వాటికోసం పిల్లల పరీక్షల సమయంలో వెళ్ళవలసి వస్తుంది కనుక ఆ ఆశ వదులుకోవడమే మేలని మా అభిప్రాయం. దసరా సెలవుల్లో వెళదామనుకునేవారు అది తుపానుల కాలమని, పైగా అక్టోబరు మొదటి వారం చైనాలో జాతీయ సెలవుల సమయం కావడంతో అక్కడి పర్యాటకులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారని గుర్తుంచుకోవాలి.

ఇక ఊళ్ళ సంగతి. పన్నెండు రోజుల్లో ఏడు ఊళ్ళంటే కాగితం మీద చక్కగానే కనిపిస్తుంది. జపాన్ హోటళ్ళలో గది ఖాళీ చేయవలసిన సమయం సాధారణంగా ఉదయం పది లేక పదకొండు గంటలు. కొత్త హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడు గంటలకు. అంటే బస మార్చిన ప్రతిరోజూ నాలుగైదు గంటల పాటు మీ కుటుంబానికి తలదాచుకోవడానికి గది ఉండదు. మీ నాన్నగారికి నడుము వాల్చడానికి చోటుండదు, బాబుకు పడుకునే వీలుండదు, అందరి పెట్టెలూ మీ చేతుల్లోనే ఉంటాయి. ఏడు బసలంటే ఆరుసార్లు ఈ ఇబ్బంది. ఎన్ని ఊళ్ళు చూశామన్నదాని కన్నా ఎన్నిసార్లు పెట్టెలు సర్దామన్నదే పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో చేసే ప్రయాణం తీరును నిర్ణయిస్తుంది. అందుకే ఏజెంటు ప్రణాళికలో ఊళ్ళ పేర్లను కాక బసల సంఖ్యను లెక్కపెట్టి, దానిని మూడుకు మించనీయకండి.

మేమైతే టోక్యోలో ఐదు రాత్రులు, హకొనెలో ఒక రాత్రి, క్యోటోలో ఐదు రాత్రులు సూచిస్తాము. తకయామ, కనజవ అందమైన ఊళ్ళే గాని, ఈసారికి వాటిని పక్కన పెట్టండి. ఒసాకాకు ప్రత్యేకంగా బస అక్కర్లేదు. క్యోటో నుంచి జె.ఆర్. (జపాన్ రైల్వేస్) స్పెషల్ ర్యాపిడ్ రైల్లో అరగంటలో చేరుకోవచ్చు. నారా కూడా గంటలోపు దూరమే. అక్కడి తోదాయ్‌జి ఆలయంలో పదిహేను మీటర్ల ఎత్తు కంచు బుద్ధుడున్నాడు. క్రీ.శ. 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువని చెబితే మీ అమ్మానాన్నలు మరింత శ్రద్ధగా చూస్తారు. పిల్లలకు మాత్రం ఆ పార్కులో స్వేచ్ఛగా తిరిగే జింకలే ముఖ్యం. నారాకు జె.ఆర్. రైలూ ఉంది, కింతెత్సు అనే ప్రైవేటు రైలూ ఉంది. పార్కుకు దగ్గరగా దింపేది కింతెత్సు కాబట్టి నడక తగ్గాలంటే దానినే ఎంచుకోండి. హిరోషిమా సంగతి మీ పాప నిర్ణయించవలసిందే. అణుబాంబు చరిత్రను అర్థం చేసుకునే వయసు తనకు వచ్చిందనుకుంటే, మీ ఇద్దరిలో ఒకరు పాపను తీసుకుని క్యోటో నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. మిగిలినవారు ఆ రోజు విశ్రాంతి తీసుకుంటారు.

ఆరుగురూ ప్రతిచోటికీ కలిసే వెళ్ళాలనే నియమం పెట్టుకోవద్దు. పిల్లలను డిస్నీలాండ్‌కు తీసుకువెళ్ళిన రోజున పెద్దవాళ్ళు ఉయెనో పార్కులోనో అసకుసలోని సెన్సో-జి ఆలయంలోనో నిదానంగా గడపవచ్చు. (డిస్నీలాండ్‌కు వెళ్ళే కెయ్యో లైను ప్లాట్‌ఫారాలు టోక్యో స్టేషన్లో మిగతా లైన్లకు చాలా దూరంగా ఉంటాయి. స్టేషన్ లోపలే పది పదిహేను నిమిషాలు నడవాలి కాబట్టి పొద్దున్నే ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి.)

హకొనెను ఉంచమనడానికి కారణముంది. అక్కడ ప్రయాణమే దర్శనం. వంపులు తిరుగుతూ వెనక్కీ ముందుకీ మారుతూ కొండెక్కే చిన్న రైలు, ఆపైన కేబుల్ కారు, రోప్‌వే, చివరగా సరస్సులో ఓడ, ఇవన్నీ హకొనె ఫ్రీ పాస్ అనే ఒకే టికెట్టులో వస్తాయి. పెద్దగా నడవకుండానే పెద్దవాళ్ళు కొండలూ, ఆకాశం అనుమతిస్తే ఫ్యూజీ పర్వతమూ చూడగలరు. అయితే రోప్‌వే దారిలో ఓవకుదాని అనే చోట అగ్నిపర్వతపు గంధకపు పొగలు వస్తుంటాయి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు అక్కడ దిగవద్దని హెచ్చరికలుంటాయి. మీ అమ్మానాన్నలలో ఎవరికైనా అటువంటి ఇబ్బంది ఉంటే ఆ మార్గం మాని, బస్సులో సరస్సు దగ్గరకు వెళ్ళండి.

చివరగా విమాన టికెట్టు. టోక్యోలో దిగి మళ్ళీ టోక్యో నుంచే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే, చివరిరోజున క్యోటో నుంచి వెనక్కి వెళ్ళడానికే సగం రోజు, ఒక్కొక్కరికి పద్నాలుగు వేల యెన్‌ల దాకా ఖర్చవుతాయి. హైదరాబాదు నుంచి సింగపూరు, బ్యాంకాక్, కౌలాలంపూర్, హాంకాంగ్ మీదుగా వెళ్ళే సంస్థలు టోక్యోకూ, ఒసాకాలోని కన్సాయ్ విమానాశ్రయానికీ కూడా విమానాలు నడుపుతున్నాయి. కాబట్టి ‘మల్టీ సిటీ’ పద్ధతిలో టోక్యోలో దిగి కన్సాయ్‌లో ఎక్కేలా టికెట్టు అడగండి. కన్సాయ్‌కు క్యోటో నుంచి హరుక అనే ఎక్స్‌ప్రెస్ రైలు గంటా ఇరవై నిమిషాల్లో నేరుగా వెళుతుంది.

ప్రశ్న: జపాన్ వెళ్ళే ప్రతివారూ జె.ఆర్. పాస్ కొనాలని బంధువులు చెబుతున్నారు. మేము నలుగురం. టోక్యో, క్యోటో, వీలైతే హిరోషిమా చూస్తాము. పాస్ తీసుకోమంటారా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ బంధువులు 2023కు ముందు వెళ్ళి వచ్చి ఉంటారు. అప్పుడు వారి సలహా సరైనదే. దేశమంతటా జె.ఆర్. రైళ్ళు ఎక్కడానికి పనికివచ్చే ఈ పాస్‌లో, ఏడు రోజుల సాధారణ రకం ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైళ్ళలో వేగవంతమైన నోజోమిలో రిజర్వు సీటు సుమారు 14,000 యెన్‌లు. వెళ్ళి రావడానికి 28,000. టోక్యో నుంచి క్యోటో, అక్కడి నుంచి హిరోషిమా, మళ్ళీ టోక్యో తిరిగినా విడి టికెట్ల మొత్తం 45,000 యెన్‌ల ప్రాంతంలోనే ఉంటుంది. అంతా కలిపినా పాస్ ధరకు చేరదు. పైగా పాస్ ఉన్నవారు నోజోమి ఎక్కాలంటే అదనపు రుసుము కట్టాలి, లేదా కొంత నెమ్మదైన హికారి రైలు ఎక్కాలి. టోక్యో మెట్రోలో గాని, క్యోటో సిటీ బస్సుల్లో గాని ఆ పాస్ చెల్లదు.

దేశమంతటికీ వర్తించే పాస్ కాకుండా ప్రాంతీయ పాస్‌లు కొన్ని మాత్రం నిజంగానే కలిసివస్తాయి. హిరోషిమా వెళ్ళదలచుకుంటే ‘కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్’ను పరిశీలించండి. ఐదు రోజులకు 17,000 యెన్‌ల ప్రాంతంలో ఉండే ఆ పాస్‌తో షిన్-ఒసాకా, హిరోషిమాల మధ్య నోజోమితో సహా షింకన్‌సెన్ ఎక్కవచ్చు. హిమెజి కోటకు, మియాజిమ ద్వీపానికి వెళ్ళే జె.ఆర్. పడవకు, కన్సాయ్ విమానాశ్రయపు హరుక రైలుకు కూడా అదే చాలు. షిన్-ఒసాకా నుంచి హిరోషిమా వెళ్ళి వచ్చే ఒక్క ప్రయాణానికే 20,000 యెన్‌లు దాటుతుంది కాబట్టి లెక్క స్పష్టంగానే ఉంది. ఒక్క మెలిక: క్యోటో, షిన్-ఒసాకాల మధ్య షింకన్‌సెన్ ఈ పాస్‌లో రాదు. ఆ ముక్క మాత్రం స్పెషల్ ర్యాపిడ్ రైల్లో వెళ్ళి, షిన్-ఒసాకాలో మారాలి.

పిల్లల టికెట్ల విషయంలో చాలామంది పొరబడుతుంటారు. ఆరు నుంచి పదకొండేళ్ళ వయసు వారికి సగం ఛార్జీ, పన్నెండు నిండితే పూర్తి ఛార్జీ. ఆరేళ్ళలోపు పిల్లలు, ఒక్కో పెద్దవారికి ఇద్దరి చొప్పున, ఉచితంగా ప్రయాణించవచ్చు. కాని వారికంటూ సీటు రిజర్వు చేయాలంటే సగం ఛార్జీ కట్టాలి. రెండుంబావు గంటల ప్రయాణంలో నాలుగైదేళ్ళ పిల్లవాడిని ఒడిలో పెట్టుకుని కూర్చోవడం ఎవరికీ సుఖం కాదు కనుక, ఆ డబ్బు పెట్టమనే మా సలహా.

షింకన్‌సెన్ సాధారణ బోగీలో ఒకవైపు మూడు, మరోవైపు రెండు సీట్లుంటాయి. టోక్యో నుంచి క్యోటో వెళ్ళేటప్పుడు ఫ్యూజీ పర్వతం కుడివైపున, రైలు బయలుదేరిన ముప్పావు గంటకు, షిన్-ఫ్యూజీ స్టేషను దగ్గర కనబడుతుంది. ఆ వైపు కిటికీ సీటు అక్షరం ‘ఇ’ (E). సీట్లను తిప్పుకుని ఎదురెదురుగా కూర్చునే వీలు కూడా ఉంది కాబట్టి, నలుగురైతే రెండు సీట్ల వైపు వెనుకా ముందూ రెండు వరుసలు అడగండి. స్మార్ట్-ఇ.ఎక్స్. అనే యాప్‌లో ఒకేసారి ఆరుగురి వరకు సీట్లు రిజర్వు చేసుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ఎక్కడికి వెళ్ళినా పెట్టెలు ఎక్కువ. జపాన్ రైళ్ళలో పెద్ద సూట్‌కేసులు ఎక్కించనివ్వరని విన్నాము. నిజమేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పూర్తిగా నిజం కాదు. టోక్యో, ఒసాకాల మీదుగా వెళ్ళే షింకన్‌సెన్ మార్గంలో, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సామానుకు, బోగీ చివరి వరుస వెనుక స్థలమున్న సీట్లను ముందుగానే రిజర్వు చేసుకోవాలన్న నియమం 2020 మే నుంచి అమల్లో ఉంది. దానికి అదనపు డబ్బు అక్కర్లేదు. రిజర్వు చేయకుండా తీసుకువస్తే మాత్రం 1,000 యెన్‌లు కట్టిస్తారు. విమానంలో చెక్-ఇన్ చేసే పెట్టెకు చాలా సంస్థల పరిమితి 158 సెంటీమీటర్లు కాబట్టి, విమానం అనుమతించిన పెట్టె దాదాపు ఎప్పుడూ ఈ హద్దులోనే ఉంటుంది. అసలు చిక్కు నియమంలో లేదు. ఇరవై కిలోల పెట్టెను సీటు పైనున్న అరలోకి ఎవరు ఎత్తుతారు, టోక్యో స్టేషను మెట్ల మీదుగా ఎవరు మోస్తారు అన్నదే చిక్కు.

దీనికి జపాన్ వారు కనిపెట్టిన ఉపాయం తక్యుబిన్, అంటే పెట్టెలను ఒక హోటలు నుంచి మరో హోటలుకు పంపే సేవ. నల్లపిల్లి, దాని పిల్ల బొమ్మ వేసుకున్న యమతో సంస్థ బళ్ళు మీకు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. హోటల్ రిసెప్షన్‌లో ఫారం నింపి, తరువాతి హోటల్ చిరునామా, బస తేదీ రాసి ఇస్తే, టోక్యోలో ఇచ్చిన పెట్టె మామూలుగా మర్నాటికి క్యోటో చేరుతుంది. పెట్టె పరిమాణాన్ని బట్టి సుమారు 2,000 నుంచి 3,000 యెన్‌లు పడుతుంది. మధ్యలో హకొనె వంటి చోట ఒక రాత్రి గడిపేవారికి ఇది మరీ అనుకూలం. పెద్ద పెట్టెలన్నీ నేరుగా క్యోటో పంపేసి, ఒక రాత్రికి సరిపడే చిన్న సంచీతో కొండెక్కవచ్చు. పాస్‌పోర్టులు, డబ్బు, పెద్దవాళ్ళ మందులు మాత్రం ఎన్నడూ ఆ పెట్టెల్లో పెట్టకండి. విదేశీయులు పాస్‌పోర్టును ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం కూడా. రిసెప్షన్ లేని అపార్ట్‌మెంటు బసలు పెట్టెలు తీసుకోవు కనుక, బుక్ చేసే ముందే ఈ విషయం అడగండి.

సామానులో ఒక వస్తువు గురించి మాత్రం ఇక్కడే చెప్పాలి. అన్నం వండుకోవడానికి ఇంటి నుంచి రైస్ కుక్కరు తీసుకువెళ్ళేవారు చాలామంది ఉన్నారు. జపాన్‌లో విద్యుత్తు 100 వోల్టులే. మన 230 వోల్టుల కుక్కరు అక్కడ సరిగా వేడెక్కదు, బియ్యం నానినట్లే ఉంటాయి. దానికి బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంటు హోటలు తీసుకుంటే కుక్కరు వారే ఇచ్చే అవకాశం ఎక్కువ. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు సంచీలో పెట్టకండి. మాంసపు పదార్థాలు నిషిద్ధం. పచ్చి ఆకులకు, పళ్ళకు ప్రభుత్వ ధ్రువపత్రం కావాలి.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. కాస్త నిదానంగా నడుస్తారు గాని మెట్లు ఎక్కలేరు. టోక్యో, క్యోటోలలో ఆమెను మెట్రోలో తిప్పగలమా, లేక కారు మాట్లాడుకోవాలా? బస ఎక్కడ తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తిప్పగలరు. కాని బస ఎంపికతోనే సగం సమస్య తీరాలి. టోక్యోలో షింజుకు గురించి అందరూ చెబుతారు. ప్రపంచంలోకెల్లా అత్యంత రద్దీ అయిన ఆ స్టేషనులో సరైన ద్వారం వెతుక్కునేసరికే మీ అమ్మగారి ఆ రోజు ఓపిక అయిపోతుంది. మేము ఉయెనో, అసకుస ప్రాంతాలను సూచిస్తాము. నరీతా విమానాశ్రయం నగరానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా, స్కైలైనర్ రైలు ముప్పావు గంటలో ఉయెనోకు చేరుస్తుంది. అసకుసకైతే నరీతా, హనేదా రెండు విమానాశ్రయాల నుంచీ మారకుండా వచ్చే రైళ్ళున్నాయి. ఉయెనోలో పార్కు, జంతు ప్రదర్శనశాల, నేషనల్ మ్యూజియం పక్కపక్కనే ఉన్నాయి. లోపల చక్రాల కుర్చీలు అడిగితే ఇస్తారు.

హోటలు ‘స్టేషనుకు మూడు నిమిషాలు’ అని రాసి ఉంటే, ఏ ద్వారం నుంచి మూడు నిమిషాలో, ఆ ద్వారానికి లిఫ్టు ఉందో లేదో కనుక్కోండి. టోక్యో మెట్రో స్టేషన్లకు ఎ1, బి3 అంటూ ఎన్నో ద్వారాలుంటాయి. లిఫ్టు వాటిలో ఏదో ఒకటి రెండింటికే ఉంటుంది. అది హోటలుకు అవతలి వైపున ఉంటే ఆ మూడు నిమిషాలు పది పన్నెండవుతాయి. గూగుల్ మ్యాప్స్‌లో చక్రాల కుర్చీకి అనువైన దారి అనే ఎంపిక పెట్టుకుంటే మెట్లు లేని దారులు చూపుతుంది. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా లోకల్ రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ సమయంలో ఆమెను ఎక్కించకండి. ఉపాహారం నిదానంగా చేసి పది గంటలకు బయలుదేరడమే మేలు.

టికెట్లకు ప్రతిసారీ యంత్రం ముందు నిలబడనవసరం లేదు. సుయిక, పాస్మో, ఇకోక వంటి కార్డులలో ఏదైనా ఒకటి తీసుకుని డబ్బు వేసుకుంటే టోక్యోలోనూ క్యోటోలోనూ రైళ్ళు, బస్సులు, చిన్న దుకాణాల్లో కూడా చెల్లుతుంది. గేటు దగ్గర కార్డు తాకిస్తే చాలు. అయితే ఒక కార్డుతో ఇద్దరు వెళ్ళడం కుదరదు, మనిషికొకటి ఉండాలి. సగం ఛార్జీకి అర్హులైన పిల్లల కార్డును పాస్‌పోర్టు చూపి కౌంటరులో తీసుకోవాలి. రద్దీలో ఎవరైనా రైలు ఎక్కలేక వెనకబడితే ఏం చేయాలో బయలుదేరే ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: ఎక్కినవారు తరువాతి స్టేషనులో దిగి ఆ ప్లాట్‌ఫారం మీదే ఆగాలి, మిగిలినవారు వెనక రైల్లో రావాలి. పిల్లలకు ఈ నియమం కంఠస్థం చేయించడం ఎంతో అవసరం.

ఇక కారు సంగతి. రోజంతటికీ కారు మాట్లాడుకోవడం టోక్యోలో చాలా ఖరీదు, అక్కర్లేదు కూడా. కాని చిన్న దూరాలకు టాక్సీని విలాసమనుకోకండి. టోక్యోలో టాక్సీ మొదటి కిలోమీటరుకు సుమారు 500 యెన్‌లు. మెట్రోలో కనీస ఛార్జీ మనిషికి 180 యెన్‌లు, నలుగురికి 720. స్టేషను నుంచి హోటలు వరకు నలుగురు టాక్సీలో వెళ్ళడమే ఒక్కోసారి చవక! నలుగురికి మించి ఎక్కనివ్వరు, రాత్రి పది దాటితే ఛార్జీ పెరుగుతుంది. తలుపు డ్రైవరే లోపలి నుంచి తెరుస్తాడు, మూస్తాడు, మీరు లాగవద్దు.

క్యోటోలో పరిస్థితి వేరు. అక్కడ పర్యాటకులందరూ సిటీ బస్సుల మీదే ఆధారపడటంతో అవి నిండిపోయి, పెద్దవాళ్ళు నిలబడే రావలసి వస్తుంది. బస్సులకు మాత్రమే చెల్లే వన్-డే పాస్‌ను నగరపాలక సంస్థ 2024లో పూర్తిగా ఆపేసింది; సబ్‌వే, బస్సు రెండింటికీ చెల్లే పాస్ 1,100 యెన్‌లకు దొరుకుతుంది. వీలైనంత వరకు రైలు, సబ్‌వే స్టేషన్ల పక్కనున్న స్థలాలనే ఎంచుకోండి. నిజో కోట ముందే సబ్‌వే స్టేషను ఉంది. ఫుషిమి ఇనారి ఆలయం క్యోటో నుంచి జె.ఆర్. నారా లైనులో రెండో స్టేషను. ఆ ఎర్రని తోరణాల వరుస కొండ మీదకు పోతుంది గాని, కింది భాగంలోనే కావలసినన్ని చూసి వెనక్కి రావచ్చు. కియోమిజు ఆలయానికి మాత్రం ఏటవాలు వీధి ఎక్కాలి. టాక్సీలో వెళ్ళినా చివరి ముక్క నడక తప్పదు కనుక మీ అమ్మగారికి అది వద్దంటాము.

దానికి బదులు సంజుసంగెన్‌దో ఆలయానికి తీసుకువెళ్ళండి. నూట ఇరవై మీటర్ల పొడవున్న చెక్క మండపంలో వెయ్యిన్నొక్క కన్నోన్ విగ్రహాలు, అంటే మన అవలోకితేశ్వరుడి జపాన్ రూపాలు, వరుసలు తీరి ఉంటాయి. వాటి ముందు నిలిచిన ఇరవై ఎనిమిది మంది పరివార దేవతలలో బ్రహ్మ, ఇంద్రుడు, గరుత్మంతుడు ఉన్నారు. వేణువూదుతున్న గరుత్మంతుణ్ణి గుర్తుపట్టడానికి మీ అమ్మగారికి గైడు అవసరం ఉండదు. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి కాబట్టి, సులభంగా విప్పి తొడుక్కునే పాదరక్షలు వేసుకొమ్మనండి.

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాము. హైదరాబాదు వెళ్ళేటప్పుడు పిల్లలకు రెండు రోజులు టోక్యో చూపించాలని ఉంది. మాకు భారతీయ పాస్‌పోర్టులు, పిల్లలకు అమెరికా పాస్‌పోర్టులు. వీసా కావాలా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ ఇద్దరికీ కావాలి, పిల్లలకు అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టుపై తొంభై రోజుల వరకు పర్యాటకులుగా వీసా లేకుండా ఉండవచ్చు. మీరు అమెరికాలో నివాసముంటున్నారు కాబట్టి ఆన్‌లైన్‌లోనే ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. విమానాశ్రయంలో ఆ వీసాను ఇంటర్నెట్‌లో తెరిచి ఫోన్‌లోనే చూపాలి. తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాట్ గాని, ముద్రించిన కాగితం గాని చెల్లదు కనుక దిగగానే నెట్ పనిచేసే ఏర్పాటు చేసుకోండి. (భారతదేశం నుంచి వెళ్ళేవారికి కూడా 2024 ఏప్రిల్ నుంచి ఈ-వీసా వచ్చింది. దరఖాస్తు మాత్రం వీసా కేంద్రాల ద్వారానే ఇవ్వాలి.)

టోక్యోలో ఆగకుండా విమానం మారేవారికి కూడా ఇక్కడొక ప్రమాదముంది. కొన్ని టికెట్లలో నరీతాలో దిగి హనేదాలో ఎక్కవలసి ఉంటుంది. రెండూ నగరానికి చెరోవైపున ఉన్నాయి కాబట్టి ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, రోడ్డు మీదుగానో రైల్లోనో వెళ్ళాలి. అంటే వీసా లేకుండా ఆ టికెట్టు పనికిరాదు. టికెట్టు కొనేటప్పుడు ‘టోక్యో’ అని కాక విమానాశ్రయం పేరు చూడండి. బస ఇరవై నాలుగు గంటలు దాటితే ఛార్జీ లెక్క కూడా మారుతుంది కాబట్టి రెండు రోజుల మజిలీని తరువాత చేర్చడం కన్నా మొదటే అడగడం మంచిది.

ప్రశ్న: నాకు కారు నడపడమంటే ఇష్టం. జపాన్‌లో కూడా ఎడమవైపే నడుపుతారట. భారతదేశపు లైసెన్సుతో కుటుంబాన్ని కారులో తిప్పవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లైసెన్సు ఒక్కటే చాలదు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం జారీ అయిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను మాత్రమే జపాన్ అంగీకరిస్తుంది. భారతదేశం ఆ ఒప్పందంలో ఉంది కాబట్టి మీ ఆర్.టి.ఓ. కార్యాలయం ఇచ్చే పర్మిట్ చెల్లుతుంది. కాలపరిమితి ఒక సంవత్సరం. దానితో పాటు అసలు లైసెన్సు, పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఆరేళ్ళలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. కారు బుక్ చేసేటప్పుడే దానిని కూడా అడగాలి. రైలు గేటు తెరిచి ఉన్నా, ప్రతి లెవెల్ క్రాసింగ్ దగ్గర కారు పూర్తిగా ఆపి చూసి వెళ్ళాలన్నది అక్కడి నియమం. మన అలవాటు దీనికి భిన్నం కనుక ముందే మనసులో పెట్టుకోండి.

టోక్యోలో, క్యోటోలో కారు తీసుకోకండి. పార్కింగ్ ఖర్చు, టోల్ ఖర్చు రైలు ఛార్జీలను మించిపోతాయి. కారు ఉపయోగపడేది ఉత్తరాన హొక్కైదో, దక్షిణాన ఒకినావా వంటి చోట్ల. అక్కడ రైళ్ళు తక్కువ, దారులు విశాలం. హొక్కైదో పటం మీద చిన్నదిగా కనిపించినా సప్పొరో నుంచి తూర్పు కొసనున్న షిరెతొకోకు నాలుగు వందల కిలోమీటర్ల దారి ఉంటుంది. పిల్లలతో రోజుకు రెండు వందల కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. జూన్‌లో తక్కిన జపాన్ వానల్లో తడుస్తున్నప్పుడు హొక్కైదోలో ఆ వానకాలం ఉండదు కాబట్టి, సెలవుల చివరి వారంలో మాత్రమే వీలు చిక్కే తెలుగు కుటుంబాలకు అది మంచి ఎంపిక. టోక్యో నుంచి సప్పొరో దగ్గరి న్యూ చితోసె విమానాశ్రయానికి గంటన్నర ప్రయాణం. అద్దె కారు అక్కడే తీసుకుని, తిరిగి అక్కడే అప్పగించేలా చూసుకోండి. మరో ఊళ్ళో అప్పగిస్తే అదనపు రుసుము వేస్తారు.